నైరుతి గది కిటికీ

తాడేపల్లిగూడెంలో మా అక్కావాళ్ళ ఇంటికి ఈశాన్యం వైపు ఒక రైస్ మిల్లు ఉంది. వాళ్ళు ఇల్లు కట్టుకునే నాటికి అది చిన్న మిల్లు, మధ్యలో బోలెడు ఖాళీ జాగా ఉండేది. తర్వాత ఊరు పెరిగింది, మిల్లూ పెరిగింది, జాగా అంతా ఇళ్ళయిపోయింది. సార్వా పంట కోతలు మొదలై ధాన్యం లారీలు బారులు తీరగానే ఆ పొగగొట్టానికి పని పడుతుంది. బాయిలర్లో కాల్చేది వడ్ల ఊకే. కాలిన ఊక బూడిద నల్లగా, తేలిగ్గా, వెంట్రుక ముక్కల్లా తేలుతూ వచ్చి అందరి మేడల మీదా వాలుతుంది. ఆ వీధిలో ఆరిన బట్టను దులపకుండా ఎవరూ మడత పెట్టరు. తెల్ల చొక్కా మీద పడిన నుసిని చేత్తో తుడిస్తే చార పడిపోతుంది కాబట్టి గట్టిగా ఊదాలి. మా అక్కకి ఇప్పుడు అలా ఊదడానికి కూడా ఊపిరి చాలడం లేదు.

నేను ఏలూరులో ఉంటాను. ఒక దినపత్రికలో పనిచేసి రిటైరయ్యాను. అక్క నాకంటే పెద్దది. బావగారు లెక్కల మాస్టారుగా చేశారు. వాళ్ళ కూతురూ అల్లుడూ విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మొన్న కార్తీకమాసం చివర్లో ఒక ఉదయం బావగారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా ముందు నన్ను ఏదో ఒకటి దెప్పి, ఆ తర్వాత విషయంలోకి వస్తారు. ఆవేళ దెప్పలేదు.

"మీ అక్క స్నానం చేసొచ్చి జడేసుకోలేక కూర్చుండిపోయిందోయ్. చెయ్యెత్తితే ఆయాసం వస్తోందంటోంది. మీ ఊళ్ళో ఎవరో ఛాతీ డాక్టరున్నారన్నావు గదా" అన్నారు.

మర్నాడు కారు మాట్లాడుకుని ఏలూరు వచ్చారు. దెందులూరు దాటాక హైవే మీద మంచులో కారు ఆపించి, కాసేపు అద్దాలు దించుకుని కూర్చున్నారట. అద్దాలు దించితే చలి, ఎత్తితే ఊపిరాడట్లేదన్న భయం. మా ఇంటి మెట్లెక్కి అక్క కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు పైకి లాక్కుంటూ గాలి తీసుకుంది. మా ఆవిడ కాఫీ ఇచ్చి ఎంతోసేపైనా ఆ గ్లాసు అలాగే ఉంది. "ఆగవే, ఊపిరి పీల్చుకోవడమా కాఫీ తాగడమా, ఏదో ఒకటే చెయ్యగలను" అంది అక్క నవ్వుతూ. ఆ నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

డాక్టరు గారు నడివయసు ఆవిడ. గొట్టంలోకి ఊదించే పరీక్ష చేయించి, ఆ కాగితం పక్కన పెట్టి ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు.

"చుట్ట గానీ సిగరెట్టు గానీ అలవాటు ఉందామ్మా?"

"అయ్యో, ఆవిడకా!" అన్నారు బావగారు, తనకే అవమానం జరిగినట్టు.

"అందర్నీ అడుగుతానండి. మరి మీకు?"

"నాకు వక్కపొడి కూడా అలవాటు లేదండి."

"సరే. పెళ్ళయిన కొత్తలో ఏ పొయ్యి మీద వండేవారమ్మా?"

అక్క ముఖం ఒక్కసారి వెలిగింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి అంతవరకూ ఎవరూ అడగలేదనుకుంటాను. "ఊక పొయ్యండి. రేకు డబ్బాలో మధ్యన రోకలి నిలబెట్టి చుట్టూ ఊక కూరేవాళ్ళం. రోకలి తీసేస్తే గొట్టంలా వచ్చేది. ఎండాకాలం బాగానే మండేదండి. వానాకాలం ఊక మెత్తబడిపోయి మంటుండేది కాదు, ఒకటే పొగ. ఉమ్మడి కుటుంబం, పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి గానీ లేచేదాన్ని కాదు."

"ఎంతకాలం?"

"గ్యాసు వచ్చేదాకానండి."

డాక్టరు గారు తలూపి, ఇప్పుడు ఇంటి చుట్టూ ఏముందో చెప్పమన్నారు. మిల్లు సంగతి బావగారు చెప్పారు. ఆవిడ కాగితం మా వైపు తిప్పి, గాలి వదలడంలో అక్క ఎంత వెనకబడి ఉందో గీతల మీద చూపించారు. "పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నది కాపాడుకుందాం. పీల్చే మందు రాస్తాను, మానకుండా వాడాలి. కానీ మందు ఎంత పీల్చినా దానితో పాటు పొగ కూడా పీలుస్తుంటే లాభం ఉండదు. ఇంట్లో ఏ గదిలో మీకు హాయిగా ఉంటుంది?"

"ఉండేదండి ఒక గది. ఇప్పుడది మూసేశారు" అంది అక్క.

బావగారు తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు.

ఆ గది సంగతి నాకు కొంత తెలుసు. ఇంటికి నైరుతి మూల పడకగది ఉంది. దాని దక్షిణపు గోడకి కిటికీ ఉండేది. వెనక వరిచేలు, చేల అవతల కాలవ. మా ప్రాంతంలో శీతాకాలం పొద్దున్నపూట గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి సముద్రం మీది పైరగాలి తిరుగుతుంది. మిల్లు నుసి పొద్దుటి గాలిలో ఇంటి ముందు వైపు నుంచి వస్తే, మధ్యాహ్నం ఆ వెనక కిటికీలోంచి చేల మీది గాలి వచ్చేది. అక్క భోజనం అయ్యాక ఆ కిటికీ దగ్గర మంచం మీద వాలేది. ఎవరూ చెప్పకుండానే శరీరం తనకి కావలసిన చోటు వెతుక్కుంది.

కిందటేడు చలికాలం ఆయాసం ఎక్కువైనప్పుడు బావగారు నల్లజర్ల వైపు నుంచి ఒక సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన దిక్సూచి పెట్టి ఇల్లంతా కొలిచి, నైరుతి తెరిచి ఉంటే ఇంటి ఇల్లాలికి ఆరోగ్యం నిలవదని చెప్పారు. ఆ కిటికీ మూయించి, ఈశాన్యం హాల్లో పెద్ద కిటికీ పెట్టించమన్నారు. బావగారు వేసవిలో తాపీమేస్త్రీని పిలిచి అదే చేయించారు. అశ్రద్ధతో చేసిన పని కాదది. భార్య ఊపిరి కోసం ఆయన చేయగలిగినదల్లా చేశారు. వానాకాలమంతా మిల్లు నెమ్మదించి, నుసి వానకి అణిగిపోయి, అక్కకి కాస్త తేలికైంది కూడా. సిద్ధాంతి గారి మాట ఫలించిందని బావగారు ఊరందరికీ చెప్పుకున్నారు. కోతలు వచ్చాయి. ఈశాన్యం కిటికీ మిల్లుకి ఎదురుగా నోరు తెరుచుకుని ఉంది. వెనక గోడ గట్టిగా మూసి ఉంది.

వాస్తు గురించి నేనేదో తేల్చి చెప్పబోవడం లేదు. ఇక్కడ ఇల్లు కట్టే ప్రతివాడూ దిక్కు చూస్తాడు, మా ఇల్లూ అలాగే కట్టాం. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటారు. ఏడాదిలో చాలా రోజులు మా గాలి ఆ మూల నుంచే వస్తుంది కాబట్టి ఊక పొయ్యిల రోజుల్లో ఆ పొగ ఇల్లంతా తిరిగి గానీ బయటికి పోయేది కాదు. అక్క అత్తారింట్లో దూలాలు నిగనిగలాడుతూ నల్లగా ఉండటం నాకు గుర్తుంది. ఆ దూలాల కింద కూర్చున్న ఆడవాళ్ళ ఛాతీలోకి తొంగి చూసినవాళ్ళు లేరు. విలేకరిగా ఊళ్ళు తిరిగే రోజుల్లో గమనించాను, మిల్లుల వీధుల్లో దగ్గు పొడిగా ఉంటుంది, కొల్లేటి వైపు కఫంతో ఉంటుంది. ఏ ఊళ్ళో ఎంతమందికి ఉందని ఆస్పత్రుల్లో అడిగితే, చీటీలో రోగి ఊరు రాస్తారు గానీ ఆ ఇంటికి మిల్లు ఏ పక్క ఉందో రాయరు. వార్తకి ఆధారం లేదని డెస్కులో పక్కన పెట్టేవాళ్ళం.

డాక్టరు గారి దగ్గర్నుంచి బయటికి వచ్చాక బావగారు మెల్లగా అన్నారు. "ఈ పీల్చే మందు అలవాటైతే ఇంక వదలదంటారు గదోయ్?"

"మీకు కళ్ళద్దాలు అలవాటయ్యాయిగా. వదిలాయా?" అంది అక్క.

కిటికీ తెరిపిద్దాం అని నేను ఆవేళే అన్నాను. బావగారు వినలేదు. దోషం పోగొట్టుకుని మళ్ళీ తెచ్చిపెట్టుకోమంటావా అన్నారు. మిల్లు సీజన్ అయ్యేదాకా ఎక్కడికైనా గాలి మార్పుకి పంపిద్దాం అన్నది ఆయన ఆలోచన. మా పిన్ని కూతురు కొల్లేరు అంచున ఒక ఊళ్ళో ఉంటుంది. చుట్టూ నీళ్ళు, మిల్లు లేదు, బూడిద లేదు. వినడానికి బాగానే ఉంది. నాకూ అభ్యంతరం తోచలేదు. ముదినేపల్లి మీదుగా నేనే దిగబెట్టి వచ్చాను. ఒక పూట ఉండి వద్దామని వెళ్ళినవాణ్ణి మర్నాడు కూడా ఉండవలసి వచ్చింది.

ఆ ఇంటికి మూడు వైపులా చేపల చెరువులే. నీళ్ళ పక్కన గాలి శుభ్రంగా ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడ చూస్తే సంచీల్లో నిల్వ చేసిన తవుడు, చేపల మేత వాసన, తడిసి ముక్కిపోయిన గడ్డిమోపుల వాసన, గోడలకి నడుం ఎత్తున చెమ్మ. మా చెల్లెలి అత్తగారు వరండా స్తంభానికి ఆనుకుని మేం వచ్చిన దగ్గర్నుంచీ దగ్గుతూనే ఉంది. "మందు వాడుతున్నారాండీ?" అని అడిగితే "దీనికి మందేంటి బాబూ, మా ఊళ్ళో ముసలాళ్ళందరికీ ఉండేదే" అంది.

పొద్దు వాలేసరికి చెరువుల మీద నుంచి దోమలు మేఘంలా లేచాయి. అక్కడ ప్రతి పాకలోనూ ఆ వేళకి గేదెలకి పొగ వేస్తారు. మూకుడులో పిడకలు రాజేసి, పైన ఊకా వేపాకూ పోస్తే మంట రాకుండా తెల్లగా పొగ కమ్ముతుంది. మా చెల్లెలు పాకలో వేసింది చాలక ఇంకో మూకుడు తెచ్చి అక్క మంచం కాళ్ళ దగ్గర పెట్టింది.

"మా ఇంటికొచ్చి నిన్ను దోమలు కుట్టాయంటే బావగారు నన్ను బతకనిస్తారా అక్కా? ఇదుంటే ఒక్కటి రాదు, హాయిగా పడుకో" అంది.

నేను నోరు తెరిచేలోపల అక్క నా వైపు వద్దన్నట్టు చూసింది. ప్రేమతో తెచ్చి పెట్టినదాన్ని తీసెయ్యమనడం ఆవిడ చేత కాదు. మా ఇళ్ళలో పెరిగినవాళ్ళెవరి చేతా కాదు. కాసేపాగి నేనే మూకుడు దూరంగా జరిపాను. అయినా పాక ఇంటికి ఆనుకునే ఉంది, గాలి స్తంభించిపోయింది. చుట్టుపక్కల పాకలన్నింటి పొగా మంచు కింద చిక్కుకుని కదలకుండా అలాగే నిలబడింది. తెల్లారేసరికి అక్క పెదాలు కమిలినట్టున్నాయి. మాట రావడం లేదు. కైకలూరు తీసుకెళ్ళి నెబ్యులైజర్ పెట్టించాక గానీ ఒక వాక్యం పూర్తిగా అనలేకపోయింది. అన్న మొదటి వాక్యం కూడా మా చెల్లెలి గురించే. "దాన్నేమీ అనకురా."

చెల్లెలు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడుస్తోంది. "నా చేతులతో నేనే పెట్టాను గదన్నయ్యా పొగ."

అక్కడి నుంచి తిన్నగా తాడేపల్లిగూడెం తీసుకొచ్చేశాను. బావగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అక్కని చెయ్యి పట్టుకుని దింపారు. లోపల మంచం మీద దిండ్లు పేర్చి కూర్చోబెట్టారు. పెద్ద కిటికీ మూసి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు దోపారు. గదిలో నుసి లేదు గానీ గాలి కూడా లేదు. ఫ్యాను వేస్తే ఉన్న దుమ్మే తిరిగింది.

"బావగారూ, ఆ వెనక కిటికీ తెరిపించండి" అన్నాను.

"మీ పేపరోళ్ళకి గాలి వార్తలు తెలుస్తాయి గానీ గాలి గురించి ఏం తెలుసోయ్" అన్నారు. అలవాటుగా అన్నారు గానీ ఆ మాటలో పస లేదు. "నాకు మాత్రం ఆవిడ బావుండాలని ఉండదా? రేపు తెరిపించాక ఏమన్నా అయితే? అప్పుడెవర్ని అడగను? నిన్నడగనా?"

ఆయన భయం నాకప్పుడు అర్థమైంది. శాస్త్రం కాదని ఆయనకి నేనెన్ని చెప్పినా దండగ. కిటికీ మూసి ఉన్నంత కాలం ఆయన తన వంతు తాను చేసినట్టు. తెరిచాక ఏం జరిగినా అది ఆయన చేసినట్టే అవుతుంది.

అక్క దిండు మీద నుంచి పిలిచింది. "ఏవండీ, ఇలా రండి." ఆయన వెళ్ళి మంచం అంచున కూర్చున్నారు. అక్క మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పింది. "ఆ సిద్ధాంతి గారు ఏమన్నారు? ఇంటి ఇల్లాలికి మంచిది కాదన్నారు. అంతేగా? ఈ ఇంటి ఇల్లాలు ఎవరు? నేనేగా. ఏమన్నా అయితే నాకేగా అవుతుంది. నేను చెబుతున్నాను, తెరిపించండి."

బావగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న మేస్త్రీ వచ్చాడు. సుత్తీ ఉలీ పట్టుకుని గోడ ముందు నిలబడ్డవాణ్ణి బావగారు ఆపేశారు. రాహుకాలం పోయేదాకా పని మొదలుపెట్టకూడదన్నారు. మేస్త్రీ నవ్వాపుకుంటూ "ఆయ్, అలాగేనండి. మూసేటప్పుడు కూడా ఇలాగే ఆపేశారండి" అని టీ తాగడానికి వెళ్ళాడు. పక్క గదిలోంచి అక్క ఎగపోత వినిపిస్తోంది. బావగారు గడియారం వంకా ఆ గది వంకా చూస్తూ కాసేపు తిరిగి, రాహుకాలం ఇంకా పోకుండానే వీధిలోకి వెళ్ళి మేస్త్రీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "కొట్టవయ్యా" అన్నారు. దుమ్ము అక్క వైపు రాకుండా తలుపుకి దుప్పటి కట్టి, దాన్ని పని అయ్యేదాకా తనే పట్టుకుని నిలబడ్డారు.

గోడ పగిలాక చూస్తే పాత కమ్మీలూ రెక్కలూ అలాగే ఉన్నాయి. గదంతా కడిగించి, మధ్యాహ్నం పైరగాలి తిరిగాక అక్కని అక్కడికి నడిపించాం. ఆవిడ కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడింది. కాసేపటికి కూర్చుంది. ఇంకాసేపటికి కూర్చునే నిద్రపోయింది. జబ్బు తగ్గలేదు, ఆ సంగతి మా అందరికీ తెలుసు. కానీ ఆ నిద్రలో భుజాలు పైకి లేవడం లేదు. బావగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నారు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున్న ముందు వైపు కిటికీలు మూసి, వెనక కిటికీ తెరుస్తారు. మిల్లు ఆగిన రోజు అన్నీ తెరుస్తారు. బావగారు రోజూ మేడ మీదికి వెళ్ళి గాలి ఎటు ఉందో చూసి వచ్చి చెబుతారు. పీల్చే మందు కూడా ఆయనే చేతికిస్తారు. నేను వారం వారం వెళ్ళి వస్తున్నాను.

అలా వెళ్ళిన ఒక రోజు మధ్యాహ్నం, గదిలోకి గడ్డి కాలిన వాసన వచ్చింది. తర్వాత పొగ వచ్చింది. కిటికీ వెనక చేలో మిషనుతో కోసిన గడ్డికి రైతు నిప్పు పెట్టాడు. కిటికీ మూసి అక్కకి మందు పట్టించి, బావగారూ నేనూ గట్టు మీదికి పరిగెత్తాం. ఆ కౌలు రైతు బావగారి దగ్గర చదువుకున్నవాడే. చూడగానే తలపాగా తీసి నిలబడ్డాడు.

"మాస్టారండీ, మీరొచ్చారేంటండి?"

"ఒరేయ్ అబ్బాయ్, ఈ గడ్డి కాల్చకుండా ఉండలేవా?"

"ఎక్కడ పెట్టమంటారండి? ఇదివరకు గేదెలున్నోళ్ళు ఎగబడి పట్టుకెళ్ళేవారండి. మిషను గడ్డి ముక్కలు ముక్కలైపోద్ది, కట్టకి రాదు. కాలవకి నీళ్ళొదిలేశారు, దాళ్వా నాట్లకి దమ్ము చెయ్యాలి. నాకేమన్నా సరదా ఏంటండి, నాకూ దగ్గొస్తంది."

"మీ పిన్నిగారికి ఊపిరాడదురా. ఆ కిటికీ ఒక్కటే ఆవిడకి దిక్కు."

రైతు మండుతున్న చోట పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాడు. మేమూ కొట్టాం. ఆరాక చెమట తుడుచుకుని, కాసేపు ఆలోచించి అన్నాడు. "మిగతాది రేపు పొద్దున కాలుస్తానండి. మంచు ఆరాక, పైరగాలి తిరగకముందు. అప్పుడు పొగంతా కాలవ మీదగా అటు పోద్ది. పిన్నిగారి వైపు ఒక్క పిసరు రాదు, నాదీ పూచీ."

బావగారు వాడి భుజం తట్టారు. నేను ఆ రాత్రికి ఉండిపోయాను.

మర్నాడు అతను అన్నట్టే చేశాడు. ఎండ కాస్త ఎక్కాక చేలో పొగ లేచింది. అడుగున తడి ఆరలేదేమో, తెల్లగా, దట్టంగా, గోడలా లేచింది. లేచి, అతను చెప్పిన వైపే వాలి, నెమ్మదిగా కాలవ దాటింది. అక్క కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. గదిలో వాసన కూడా లేదు. బావగారు సంతోషంతో నా వీపు మీద చరిచారు. "చూశావుటోయ్, ఒక్క పోగు కూడా ఇటు రాలేదు!"

అక్క ఆ పొగనే చూస్తోంది. "కాలవ అవతల ఏముందండీ?" అని అడిగింది.

"కొత్తగా ఇళ్ళు కట్టారు గదా, ఆ కాలనీ."

"జనం చేరారా?"

"చేరకేం. నిండిపోయింది."

పొగలో ఆ ఇళ్ళు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. బావగారు కిటికీ రెక్క మీద చెయ్యి వేసి దగ్గరికి లాగబోయారు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉంచండి. నాకు ఇప్పుడే కాస్త ఆడుతోంది" అంది. కమ్మీ మీద నుదురు ఆనించి, కాలవ అవతలికి చూస్తూ గాలి పీల్చుకుంది.